పంపు బావి దగ్గర ఆపిన జీపు

సాయంత్రం ఆరున్నర. పొద్దుటి నుంచి ముసురు. చలి లేదు గానీ గాలి తడిగా ఉంది.

తార్నాకలో మేముండే సందు నుంచి యూనివర్సిటీ లోపలికి నడిస్తే ఇరవై నిమిషాలు. పాత స్టాఫ్ క్వార్టర్లు దాటాక ఒక మట్టి బాట ఎడమకు తిరుగుతుంది. ఆ బాట చివర పంపు బావి. ఇప్పుడు పంపు లేదు, నీళ్లు తోడేవాళ్లు లేరు. క్వార్టర్లకు తలుపులు కూడా లేవు. బావి మాత్రం ఉంది.

పొద్దు గూకాక అక్కడ ఎవరూ ఆగరు. వాకింగ్‌కు వచ్చేవాళ్లు ఆ మలుపు దగ్గరే వెనక్కి తిరుగుతారు. చోటు దొరక్క తిరిగే ప్రేమజంటలు కూడా అటు పోరు.

వాచ్‌మన్ సమ్మయ్య చెప్పే మాట ఇది. క్వార్టర్లలో మనుషులున్న రోజుల్లో, పంపు నడిపేవాడి భార్య చిట్టెమ్మ అని ఉండేదట. ఐదేళ్ల ఆడపిల్ల ఆమెకు. ఒక సాయంత్రం పిల్ల బావి దగ్గర ఆడుకుంటోంది. చిట్టెమ్మ వంటింట్లోంచే పిలిచింది. ఒకసారి... రెండుసార్లు... పొయ్యి మీద పులుసు పొంగుతోంది. వస్తదిలే అనుకుంది. మూడోసారి పిలవలేదు.

తర్వాత ఎన్నిసార్లు పిలిచినా పలికేవాళ్లు లేరు.

ఆ తల్లి కూడా ఎక్కువ కాలం బతకలేదట. అప్పటి నుంచి చీకటి పడేవేళ ఆ బావి దగ్గర ఎవరి పిల్లలున్నా, వాళ్ల తల్లి గొంతుతోనే పిలుస్తుందట.

రెండుసార్లే.

"రెండుసార్లు పిలిస్తే పలుకకు బిడ్డా. మూడోసారి పిలిస్తే మనిషే" — బావి దగ్గరికి జీపు పోయిన సాయంత్రం సమ్మయ్య మా అమ్మాయి అక్షరకు కూడా ఇదే చెప్పాడట. నవ్వుతూనే చెప్పాడట. నాకది తర్వాత తెలిసింది.

మా ఆయన సుదర్శన్‌కు ఒక జీపు ఉంది. కొండల్లో, వాగుల్లో తిరిగే రకం. జియాలజీ చదివే పిల్లలను రాళ్లు చూపించడానికి అడవులకు తీసుకుపోతాడు. మా ఇల్లు దాని మీదే నడుస్తుంది. జీపు ముందర వించ్ అని ఒకటి బిగించి ఉంటుంది — ఒక మోటారు, దానికి చుట్టిన తాడు, చివర కొక్కెం. బండి బురదలో దిగబడితే కొక్కేన్ని ఏ చెట్టుకో తగిలించి బటన్ నొక్కాలి. తాడు చుట్టుకుంటూ పోతుంది. బండి తనను తానే బయటికి లాక్కుంటుంది.

ఆ వించ్ మొదటి నుంచీ తేడానే. బటన్ మీంచి వేలు తీసినా ఒక్కోసారి ఆగదు. దాని స్విచ్చుల పెట్టె మూతకు సన్నటి పగులు. చూపిస్తే కంపెనీ సర్వీసు వాళ్లు "అది చూడ్డానికే సార్, పనికేం కాదు" అన్నారు. మోటారు ఆగట్లేదంటే పదిసార్లు నొక్కి చూశారు. పదిసార్లూ బుద్ధిగా ఆగింది.

దానియేలు అని మెట్టుగూడలో మెకానిక్, మా ఆయనకు చిన్నప్పటి దోస్తు. పకపకా నవ్వాడు. "ఇది పార్టు కాదన్నా, దెయ్యం. నలుగురు చూస్తుంటే బయటికి రాదు."

రెండేళ్ల వారంటీ దసరా వారంలో అయిపోయింది. మళ్లీ ఫోన్ చేస్తే గడువు దాటిందన్నారు. బతిమాలితే, లోపం కనబడేటట్టు వీడియో తీసి పంపమన్నారు.

"సోమవారం పద్నాలుగు మంది పిల్లలను తీస్కపోవాలె" అన్నాడు సుదర్శన్. రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినట్లేదు. "తాడు మీద ఎవరి చెయ్యన్న ఉన్నప్పుడు ఇది ఆగకుంటే ఎట్ల స్వర్ణా?"

అందుకని ఎవరూ తిరగని చోటు చూసుకుని, పంపు బావి దగ్గరకే పోయారు. వీడియో తియ్యడానికి అక్షరను కూడా రమ్మన్నాడు. డిగ్రీ రెండో సంవత్సరం దానిది. నేను వద్దన్నాను.

"నాన్న ముందర, దానియేలు కాక పక్కన, నేను వెనుక. ఇగ దెయ్యానికి సీటేడుంది అమ్మా?" అంది.

"బండిలో ఒక్కదానివే ఉండాల్సి వస్తే తలుపులు లాక్ చేసుకో" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను.

ఆరున్నరకు ముగ్గురికీ ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాను. వాన జోరయింది. గొడుగు తీసుకుని ఆటో ఎక్కాను.

మలుపు దగ్గర ఆటో ఆగింది.

"ఇంకొంచెం లోపలికి పోవాలె" అన్నాను.

"గీడికే మేడం. అవతలికి నేను రాను."

"వాన పడుతుంది గదయ్యా."

"గందుకే రాను" అని ఆటో తిప్పుకున్నాడు.

నడిచాను. ఫోన్ లైటు తప్ప వెలుతురు లేదు. రెండు పక్కలా తలుపుల్లేని ఇళ్లు. చెప్పులకు బురద పట్టి కాళ్లు బరువెక్కాయి.

ముందు ఒక చప్పుడు వినిపించింది.

మూలుగు... సన్నగా, గొంతులోనే తొక్కిపట్టిన మూలుగు. ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది. బావి వైపు నుంచే.

వెనక్కి పోదామనిపించింది. అప్పుడే జీపు కనబడింది. హమ్మయ్య అనుకున్నాను. లైట్లు లేవు. ఇంజను చప్పుడు లేదు. చుట్టూ మనుషులు లేరు. పక్కన ఒక సీతాఫలం చెట్టు, దాన్ని ఆనుకుని జీపు.

నాలుగడుగులు వేసి మళ్లీ చూశాను.

చెట్టు జీపు వెనకాల ఉంది.

కళ్లు తుడుచుకున్నాను. వాన వల్లేమో అనుకున్నాను... కాదు. జీపు కదులుతోంది. నిదానంగా, చప్పుడు చెయ్యకుండా, బావి వైపు. స్టీరింగు దగ్గర ఎవరూ లేరు.

చక్రాల మీద లైటు వేశాను.

చక్రాలు తిరగట్లేదు.

ఒక్క చక్రం కూడా తిరగట్లేదు. అయినా బండి పోతూనే ఉంది. టైర్ల ముందు బురద కుప్పలా లేస్తోంది. రానని మొండికేసిన మనిషిని ఎవరో చెయ్యి పట్టి ఈడ్చుకుపోతున్నట్టు...

వెనక సీటు అద్దానికి ఒక తల ఆనుకుని ఉంది.

అక్షర. నిద్రపోతోంది.

బావికీ జీపుకీ మధ్య పదడుగులుంటాయి. ఆ వైపు గోడ ఎప్పుడో కూలింది, మోకాలెత్తు మిగిలింది. గొడుగు ఎక్కడ పారేశానో తెలియదు. పరిగెత్తాను. జారి పడ్డాను. లేచి తలుపు పట్టుకు గుంజాను.

లాక్.

"అక్షూ!"

కళ్లు తెరిచింది. నన్ను చూసింది. చూసి — అటు చివరికి జరిగిపోయింది.

అప్పుడు అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. జుట్టంతా ముఖానికి అతుక్కుని ఉంది. నోట్లో, ముక్కు మీద బురద. చేతిలో ఫోన్ లైటు గడ్డం కింద నుంచి పైకి పడుతోంది.

"అక్షూ... తలుపు తియ్యి!"

అడ్డంగా తల ఊపింది. రెండు చెవులూ మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. ఏదో లెక్కపెడుతున్నట్టుంది.

మూడోసారి పిలుద్దామని నోరు తెరిచాను.

గొంతు రాలేదు.

నిజంగా రాలేదు. గాలి వచ్చింది, దగ్గు వచ్చింది. పేరు రాలేదు. అద్దం మీద బాదుతూ దగ్గుతున్నాను. ముందు బంపరు గోడకు తగిలింది. ఒక రాయి లోపలికి దొర్లింది... చాలాసేపటికి నీళ్ల చప్పుడు వినిపించింది.

టక్‌మని లాక్ ఊడింది.

చెయ్యి దొరికింది, చెయ్యి పట్టి లాగాను. ఇద్దరం బురదలో పడ్డాం. జీపు ముక్కు గోడ మీదికెక్కింది. ఇంకో రెండు రాళ్లు లోపలికి పోయాయి.

అప్పుడు వచ్చింది నా గొంతు. అరిచాను. ఏమని అరిచానో తెలియదు.

సుదర్శన్, దానియేలు, సమ్మయ్య పరిగెత్తుకొచ్చారు. వాన పెద్దదయిందని, బండిలో కునుకు తీస్తున్న అక్షరను లేపకుండా, సమ్మయ్య గదిలో చాయ్ తాగుతున్నారట. పది నిమిషాలే గదా అనుకున్నారట. దానియేలు బానెట్ ఎత్తి బ్యాటరీ తీగ పీకేశాడు.

మూలుగు ఆగింది. వాన చప్పుడొక్కటే మిగిలింది.

అక్షరను గట్టిగా పట్టుకున్నాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట — "గీజర్ ఆపకుండ పోయినవు పొద్దున!"

అది ఏడుస్తూనే "సారీ అమ్మా" అంది.

దానియేలు టార్చి వేసి చూపించాడు. జీపు ముక్కు నుంచి వేలు లావు నల్లటి తాడు, బావి మీదుగా, అవతలి రాతి స్తంభం దాకా. ఇవతలి స్తంభం కదులుతోందని కొక్కేన్ని అవతలిదానికి తగిలించారట. నలభైసార్లు నొక్కి చూశారట, నలభైసార్లూ ఆగిందట. వాన పెరగగానే కొక్కెం తియ్యకుండానే పోయారు. బండి జారకుండా హ్యాండ్‌బ్రేకు వేసి, నాలుగు చక్రాలూ గేరులో బిగించి మరీ పోయాడు మా ఆయన. చక్రాలు అందుకే తిరగలేదు. నేను విన్న మూలుగు ఆ మోటారుది.

స్విచ్చుల పెట్టె మూత విప్పారు. లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. చిలుము మీద ఎర్రటి ముద్ద. దాంట్లో తెల్లటి పీచు.

కుంకుమ. కొబ్బరి.

దసరా నాడు బండికి పూజ చేసి, సతాయించేది ఇదొక్కటే గదా అని, సరిగ్గా ఈ వించ్ మీదే కొబ్బరికాయ కొట్టాడు సుదర్శన్. ఆ నీళ్లన్నీ పగులులోంచి లోపలికి దిగాయి. చూడ్డానికే అన్న పగులు. దాని మీద ఇవాళ్టి వాన. తడికి స్విచ్చు అతుక్కుని, బటన్ నొక్కకుండానే మోటారు తిరిగింది.

సుదర్శన్ బురదలో అట్లాగే కూర్చుండిపోయాడు. "నేనే..." అన్నాడు. 

దానియేలు పెట్టెలోంచి ఊడదీసిన రెండంగుళాల స్విచ్చు అరచేతిలో పెట్టి చూపించాడు. "దొరికింది వదినా, దెయ్యం."

నేను కూడా నవ్వాను. నవ్వినట్టు గుర్తు.

ఇంటికొచ్చాక అక్షర ఫోన్ చూశాం. వీడియో కోసం దాన్ని జీపు డ్యాష్‌బోర్డు మీద నిలబెట్టి ఉంచారు. రికార్డింగు ఆపడం అందరూ మరిచిపోయారు. ఉన్నదంతా అందులో ఉంది — అద్దం మీద వాన, బిగిసిన తాడు, కొంచెం కొంచెంగా దగ్గరికొస్తున్న బావి.

"అక్షూ!" — నా గొంతే.

"అక్షూ... తలుపు తియ్యి!" — నాదే.

ఆ తర్వాత నా దగ్గు. అద్దం మీద నా చేతులు. దగ్గుతూనే ఉన్నాను, ఊపిరాడక దగ్గుతున్నాను... ఆ దగ్గు మీదే, అదే క్షణంలో —

"బిడ్డా... రా."

గట్టిగా లేదు. దగ్గరగా ఉంది. వంటింట్లోంచి కాదు, పక్కన నిలబడి పిలిచినట్టు.

సుదర్శన్ వీడియో ఆపాడు. మళ్లీ పెట్టాడు. దగ్గు నాదే. గొంతు నాలాగే ఉంది, పిలుపు మాత్రం నాది కాదు. నేను దాన్ని ఎప్పుడూ అక్షూ అనే పిలుస్తాను.

అక్షర తుండుతో తల తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమైంది? అట్ల చూస్తున్నరేంది?"

"తలుపు ఎందుకు తీసినవు?" అని అడిగాను.

"నువ్వు మూడోసారి పిలిచినవు గదమ్మా. అందుకే తీసిన."

దానియేలు మెల్లగా సిలువ గుర్తు వేసుకున్నాడు. "భయంల ఏమన్నమో మనకు యాదుండది వదినా" అన్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు.

వీడియో కంపెనీకి పంపాం, శబ్దం తీసేసి. మూడో రోజు జవాబొచ్చింది. జరిగినదానికి చింతిస్తున్నారట, గడువు దాటింది కాబట్టి ఏమీ చెయ్యలేరట. దానియేలు కొత్త పెట్టె బిగించాడు. ఈసారి మూత చుట్టూ రబ్బరు వేశాడు. సోమవారం అనుకున్న పిల్లలను వారం ఆగి తీసుకుపోయాడు సుదర్శన్. పద్నాలుగు మందీ తిరిగొచ్చారు.

ఆ రాత్రి సంగతి ఒక్కటి చెప్పి ఆపుతాను.

తలుపు గడియ పెట్టాను. పెట్టానా లేదా అని రెండుసార్లు చూసుకున్నాను. మూడోసారి చూడబోయి, ఎందుకో ఆగాను. వాకిట్లో లైటు ఆర్పబుద్ధి కాలేదు. దాన్ని అట్లాగే ఉంచాను.

వచ్చి మనుషులను లెక్కపెట్టుకున్నాను. దానియేలు మెట్టుగూడకు పోలేదు, హాల్లో చాప మీద పడుకున్నాడు. సుదర్శన్ పడుకోలేదు, కిటికీ దగ్గర కూర్చున్నాడు. నేనున్నాను. అక్షర నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

నలుగురం. పోయిన వాళ్లం నలుగురమే, వచ్చిన వాళ్లం నలుగురమే.

మళ్లీ లెక్కపెట్టాను.