కుడి చెవి సాక్ష్యం

"అమ్మమ్మగారూ, నేనింకా శబ్దం పెట్టనేలేదు."

గాజు కిటికీ అవతల చిన్న గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ అప్పటికే బటన్ నొక్కేసింది. ఇవతల అతని బల్ల మీద ఎర్ర లైటు వెలిగింది. శబ్దం వినిపిస్తే నొక్కమని చెప్పాడు. ఆవిడ శబ్దం కోసం కూర్చునే రకం కాదు, అతని కనుబొమ్మలు చూసి నొక్కే రకం.

అతని ఉద్యోగం వినికిడి పరీక్షలు చేయడం. డాక్టరు కాదు మొర్రో అన్నా వీధిలో అందరికీ అతను చెవుల డాక్టరే. ఆరేళ్ళుగా అతనికి ఒళ్ళు మండే విషయం ఒక్కటే, వినపడకపోయినా వినపడినట్టు తలూపడం. దాని మీద అతని దగ్గర ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉంటుంది. పెద్దావిడను బయటికి పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి మరీ దాన్ని వినిపించాడు.

"వినపడలేదంటే తప్పేం లేదండీ. వినపడిందని అబద్ధం చెప్తేనే చిక్కు. ఆ అబద్ధాన్ని నమ్మి మేం మిషను బిగిస్తాం. తర్వాత ఇబ్బంది పడేది మీరే."

"పెద్దావిడని పట్టుకుని అబద్ధాలకోరు అంటారేంటండీ?" అంది పక్కనున్న మనవరాలు.

అప్పుడు చూశాడు ఆమెను సరిగ్గా. కొరియర్ ఆఫీసు యూనిఫాం, భుజాన సంచి, మొహంలో కోపం. ఆ కోపం కూడా నిలకడగా లేదు. పెదవి చివర ఒక నవ్వు, రానా వద్దా అని తచ్చాడుతోంది.

"అబద్ధాలకోరు అనలేదండీ. ఉత్సాహం ఎక్కువ అన్నాను."

"ఎప్పుడన్నారు?"

"ఇప్పుడే."

నవ్వు వచ్చేసింది. అతను కాగితం మీద గీస్తున్న గీత దారి తప్పింది.

రెండోసారి పరీక్ష సవ్యంగా జరిగింది. "సన్నటి శబ్దాలు బాగా తగ్గాయండీ, మిషను కావాలి. లావు శబ్దాలు మాత్రం నాకంటే బాగా వింటున్నారు," అన్నాడు అతను.

"వినక ఏం చేస్తాను బాబూ? ఇది ఇంట్లో బీరువాని వాయిస్తుంది," అంది అమ్మమ్మ.

బీరువా కాదనీ, డబుల్ బేస్ అనీ, మనిషి కంటే పొడుగ్గా ఉండే వయొలిన్ లాంటిదనీ, నిలబడి వాయించాలనీ మనవరాలు చెప్పింది. అది మ్యూజిక్ స్కూలు వాళ్ళది, నెలాఖరుకి తిరిగి ఇచ్చేయాలి. శనివారం సాయంత్రం ఒక బృందంలో రిహార్సల్ ఉంది. సొంత వాయిద్యంతో వస్తేనే చోటు, లేకపోతే ఇంకొకరిని తీసుకుంటానని ఆ బృందాన్ని నడిపే పియానో పెద్దాయన తేల్చి చెప్పేశాడు. కొత్తది కొనే స్తోమత లేదు. ఎలక్ట్రిక్‌ది అయితే ఆ బీరువా పొట్ట ఉండదు, మెడా తీగలూ మాత్రమే ఉంటాయి. చవక, తేలిక, మెట్ల మీద మోసుకెళ్ళొచ్చు. ఒకాయన దగ్గర వాడినవి రెండున్నాయి.

"రెండింట్లో ఏది మంచిదో తేల్చుకోవాలి. నా చెవులకి ఆశ ఎక్కువ, ఏదైనా బాగుందనే అంటాయి. మీవి జీతం తీసుకునే చెవులు కదా, బుధవారం ఖాళీయేనా?"

"ఖాళీయే," అన్నాడు అతను, బుధవారం పేజీలో ఉన్న ముగ్గురు పేషెంట్ల పేర్ల మీద చెయ్యి అడ్డం పెట్టి.

బుధవారం వాన పడింది. అమ్మేవాళ్ళింటికి చేరేసరికి ఇద్దరూ ఒకే గొడుగు కింద చెరో భుజం తడుపుకున్నారు. తలుపు తీసిన ముసలాయన ముందే నోటి మీద వేలు పెట్టాడు.

"మా బుల్లి మనవరాలు ఇప్పుడే పడుకుంది. స్పీకర్ పెట్టారో, మా అమ్మాయి పిల్లతో పాటు నన్నూ మీకే ఇచ్చి పంపిస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి."

ముందు గదిలో గోడకు ఆనించి రెండు బేస్‌లున్నాయి. ఒకటి నల్లది, బొత్తిగా కర్ర. రెండోది గోధుమరంగుది, వాయించేవాళ్ళ ఒంటికి ఆనేలా పక్కన చెక్క వంపు ఒకటి ఉంది. ఆమె సంచిలోంచి ఇయర్‌ఫోన్స్ తీసి, లావు పిన్ను తగిలించి, నల్లదానికి పెట్టింది. ఎడమది తన చెవిలో పెట్టుకుని కుడిది అతనికిచ్చింది.

ఆ వైరు మూరెడు. అతను దగ్గరికి జరగక తప్పలేదు. తడిసిన జుట్టు చివర నుంచి ఒక చుక్క అతని చేతి మీద పడింది. ఆమె తీగ మీటింది.

ఏమీ వినపడలేదు.

అతను ఇంకా శ్రద్ధగా విన్నాడు. ఆమె వేళ్ళు తీగల మీద నడుస్తున్నాయి, తల ఊగుతోంది. అతని కుడి చెవిలో మాత్రం శ్మశానం. పిన్ను సంగతి అతనికి తెలియనిది కాదు. ఇలాంటి వాయిద్యాల సాకెట్టు ఒక చెవికే శబ్దం పంపుతుంది, ఎడమ చెవికి. చెబితే అర నిమిషంలో తేలిపోయే విషయం. "ఏమీ రావడం లేదండీ" అంటే చాలు, ఆమె ఇయర్‌ఫోన్ వెనక్కి తీసుకుంటుంది. వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వింటారు, ఎవరి చోట వాళ్ళు నిలబడి, మర్యాదగా.

"ఎలా ఉంది?"

అతను తలూపాడు. ఆరేళ్ళ ఉపన్యాసం ఆ క్షణాన గంగలో కలిసింది.

"ఇప్పుడు ఇది," అని ఆమె గోధుమరంగుది అందుకుంది. చెక్క వంపు నడుముకు ఆనించుకుని వాయించడం మొదలుపెట్టింది. కాసేపటికి కళ్ళు మూసుకుంది. ఆమె మళ్ళీ కళ్ళు తెరవాలని కోరుకుంటున్నాడో, తెరవకూడదని కోరుకుంటున్నాడో అతనికే తెలియలేదు.

"ఇదే తీసుకోండి. లోతుంది," అన్నాడు.

"లావు తీగ కొంచెం నీరసంగా అనిపించలేదూ?"

"లేదే. గుండ్రంగా ఉంది."

జీతం తీసుకునే చెవులు చెప్పాక ఇంకేముంది? ఎనిమిది నెలలు దాచిన డబ్బు ముసలాయన చేతిలో పెట్టింది. వస్తువు ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదని ఆయన ముందే చెప్పాడు. ఆమె బేస్ సంచి మీద కొరియర్ ఆఫీసు స్టిక్కర్ ఒకటి అంటించింది, "జాగ్రత్త, పగిలే వస్తువు" అని. దారి పొడుగునా అతను దాన్ని మోసుకొచ్చాడు. అతని కాళ్ళు నేల మీద లేవు.

శనివారం పొద్దున్న క్లినిక్ తలుపు తెరిచేసరికి ఆ స్టిక్కరే ముందు లోపలికొచ్చింది. వెనక మనవరాలు, ఆమె వెనక కొత్త మిషను పెట్టుకున్న అమ్మమ్మ. మనవరాలు ఇయర్‌ఫోన్స్ తీసి అతని బల్ల మీద పెట్టింది.

"ఈ రెండు రోజులూ ఎడమది ఒక్కటే పెట్టుకుని వాయించాను. అమ్మమ్మ పిలిస్తే వినపడాలని. నిన్న సాయంత్రం కుడిది అమ్మమ్మకిచ్చాను."

"ఏమీ రావట్లేదే అన్నాను బాబూ," అంది అమ్మమ్మ గర్వంగా. "అబద్ధం చెప్పొద్దన్నావు కదా."

మనవరాలు గాజు కిటికీ గది వైపు వేలు చూపించింది.

"లోపల కూర్చోండి. ఇవాళ అడిగేది నేను."

కూర్చున్నాడు. ఆమె బేస్ వైరు అతని మిషనుకు తగిలించింది, రెండు చెవులకూ వచ్చేలా. హెడ్‌ఫోన్స్‌లో మొదటి స్వరం వచ్చింది. మెల్లగా వచ్చి అతని పక్కటెముకల్లో కూర్చుంది. బుధవారం ఇంత బాగా వాయించిందా? ఇదంతా పోగొట్టుకున్నాడా? అతనికి తన మీద తనకే జాలి వేసింది.

తర్వాత ఆమె లావు తీగకు దిగింది. నిజంగానే నీరసంగా ఉంది. మిగతా మూడూ మనుషుల్లా మాట్లాడుతుంటే అది దుప్పట్లోంచి మాట్లాడుతోంది. ఆ మాట చెబితే ఆమె ఎనిమిది నెలలూ, సాయంత్రం రిహార్సలూ, తన మీద మిగిలిన కాస్త నమ్మకమూ పోతాయి.

"ఎలా ఉంది?" అంది మైకులో.

"లావు తీగ బలం లేదండీ. మీరన్నది నిజం. ఆ రోజు నాకు ఒక్క స్వరం కూడా వినపడలేదు."

కిటికీ అవతల ఆమె తీగల మీంచి చెయ్యి తీసేసింది.

"నాకు అప్పుడే అనుమానమొచ్చింది. మీరు బాగుందన్నారని నా చెవుల్నే తప్పు పట్టుకున్నాను. ఎందుకు చేశారలా?"

"వైరు మూరెడే ఉందండీ," అన్నాడు అతను. "వినపడట్లేదంటే ఇయర్‌ఫోన్ తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చేసి దూరంగా జరగాలి. జరగబుద్ధి కాలేదు."

ఆమె తల వంచుకుని తీగలు చూసుకుంది. చెవుల మీద ఇంత చదువు చదివిన అతను, సిగ్గుకు చెవులు అంతలా ఎర్రబడతాయని ఆమెని చూసే మొదటిసారి గమనించాడు. అమ్మమ్మ దగ్గింది.

అతను బయటికొచ్చి బేస్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తీగలను మోసే చెక్క వంతెన కింద టార్చి వేసి చూశాడు. లావు తీగ వైపు వంతెన పాదం కింద సన్నగా వెలుగు కనిపించింది. మిషను కోసం పోసే చెవి అచ్చుల్లో వెంట్రుకవాసి తేడాలు సరిచేయడం అతనికి రోజూ ఉన్న పనే. తీగలు వదులు చేసి, తన విజిటింగ్ కార్డు అంచు కత్తిరించి, ఆ సందులో దూర్చాడు. ఆమె తీగలు బిగించి శ్రుతి చేసి మీటింది. లావు తీగ దుప్పటి విసిరేసి లేచి కూర్చుంది.

"ఇప్పుడైనా విన్నారా?"

"రెండు చెవులతో."

"మరి వినకుండానే ఇదే తీసుకోమని ఎలా చెప్పారు?"

"నల్లది వాయించేటప్పుడు కొత్త చెప్పులు కరిచినట్టు నిలబడ్డారు. దీనితో కళ్ళు మూసుకున్నారు. అంతకు మించి నాకేం తెలియదు."

ఆమె ఏదో అనబోయి, గడియారం చూసి, బేస్ భుజానికెత్తుకుని వెళ్ళిపోయింది. శనివారం మిగిలిన పూట, ఆదివారం మొత్తం అతని ఫోను మోగలేదు. మోగితే వినపడలేదేమోనని రెండుసార్లు తన చెవులు తనే పరీక్షించుకున్నాడు.

సోమవారం అమ్మమ్మ మిషను సరిచేయించుకోవడానికి ఇద్దరూ వచ్చారు. మనవరాలు గుమ్మంలోనే చెప్పేసింది.

"చోటు దొరికింది. లావు తీగ ఎక్కడ కొన్నావని అడిగాడు పెద్దాయన. విజిటింగ్ కార్డు అని చెప్పాను." తర్వాత గాజు గది తలుపు తీసి పట్టుకుంది. "మీ పరీక్ష సగంలో ఆగింది. పదండి."

అతను కూర్చుని బటన్ చేతిలోకి తీసుకున్నాడు. ఆమె శబ్దం మీట బాగా తగ్గించి, పెదాలు కనపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మైకులో ఏదో అంది. బల్ల మీద ఎర్ర లైటు వెలిగింది.

"ఏం విన్నారు?"

"నిజం చెప్పాలంటే ఏమీ వినపడలేదండీ."

"మరి నొక్కారే?"

"మీరేం అడిగినా నా జవాబు అవుననే కదా అని."

"నాకు వినపడింది," అంది అమ్మమ్మ కుర్చీలోంచి. "నువ్వంటే ఇష్టమని చెప్పింది బాబూ. మీ అమ్మగారితో మాట్లాడటానికి నన్నెప్పుడు రమ్మంటావు?"

"అమ్మమ్మా, నేనలా అనలేదు. మా మొదటి కచేరీకి వస్తారా అన్నాను, అంతే."

గాజు అవతలి నుంచి అతను పెద్దావిడను చూశాడు, తర్వాత ఆమెను చూశాడు.

"అంటే అమ్మమ్మగారు మళ్ళీ శబ్దం రాకముందే నొక్కేశారన్నమాట," అన్నాడు జాగ్రత్తగా.

"అవును, నొక్కేసింది." ఆమె నోటి మీంచి చెయ్యి తీసేసింది. మీట పూర్తిగా పెంచి మైకు దగ్గరికి వంగింది. "కాస్త ఆగండి. ఇప్పుడొస్తుంది."

అతను బొటనవేలు బటన్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. రెండు చెవుల్లోనూ ఆమె గొంతు వచ్చింది. మాట పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు నొక్కాడు.