పాముకి తొడిగిన బూట్లు

"అచ్చుగుద్దినట్టు దించేస్తానండీ. ఏ భాషైనా నాకు బొమ్మే కదా!" అన్నాను.

"అదే నా భయం. వీటిని దించకూడదు, రాయాలి. ముందు నేర్చుకోండి" అంది చైనీస్ టీచరు.

జిరాక్స్ షాపు పైగదిలో కొత్తగా క్లాసులు పెట్టింది. గోడమీద నాలుగక్షరాలు రాయాలని బోర్డులు రాసే నన్ను పిలిపించింది. పన్నెండేళ్లుగా బ్రష్షు పట్టినవాణ్ణి, నన్ను నేర్చుకోమంటుందా! ఒళ్లు మండింది. కానీ అంటూనే నవ్వింది. దాంతో మర్నాడు నాలుగింటికల్లా బుద్ధిగా బెంచీమీద కూర్చున్నాను.

画蛇添足. గీయడం, పాము, చేర్చడం, కాలు.

"పాముకి కాలేంటండీ?"

"అదే కథ. కొందరు పందెం వేసుకున్నారు. ముందుగా పాముబొమ్మ గీసినవాడిదే కూజాలోని సారా. ఒకడు గబగబా గీసేశాడు. మిగతావాళ్లు ఇంకా గీస్తున్నారు కదా అని కాళ్లు పెట్టడం మొదలెట్టాడు. ఈలోపు రెండోవాడు పూర్తిచేసి, కాళ్లుంటే అది పామే కాదని కూజా లాక్కున్నాడు."

"పాపం, ఖాళీగా కూర్చోలేకపోయాడు. అందులో తప్పేముంది?"

నావైపు అదోలా చూసింది. అది విసుగో ముచ్చటో తేల్చుకోలేకపోయాను.

వారం గడిచింది. "పాము అక్షరంలో ఎడమపక్క 'పురుగు' గుర్తుంటుంది, ముందు అది రాయాలి" అంటూ పెన్సిలుతో నా వేలిమీద కొట్టేది. నాలుగోరోజుకే నాకన్నీ వచ్చేశాయి. వచ్చాయంటే గోడ రాసేయాలి. గోడ అయిపోతే ఆ మెట్లెక్కే పనే ఉండదు. అందుకే 'కాలు' చివరి గీత కావాలనే వంకర పెట్టేవాణ్ణి. ఆమె కూడా ఏమీ అడక్కుండా "రేపు రండి" అనేది. ఎందుకు రమ్మంటుందో అర్థమయ్యేది కాదు.

ఎనిమిదోరోజు ఇక తప్పక గోడమీద రాశాను. బ్రహ్మాండంగా వచ్చింది. ఆమె కిందికి కాపీలు తీయించడానికి వెళ్లింది. చేతిలో బ్రష్షుంది, డబ్బాలో ఎర్రరంగు మిగిలింది. అక్షరాల పక్కన నీడలా షేడు కొట్టకుండా నేనింతవరకూ ఏ బోర్డూ వదల్లేదు. నాలుగక్షరాలకీ ఎర్రషేడు కొట్టాను. కింద రెండు గీతలు, మూలకొక పువ్వు.

తిరిగొచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"కాళ్లు పెట్టొద్దని చెప్పే మాట రాయమంటే, పాముకి బూట్లు కూడా తొడిగారు కదండీ!"

అటు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుపా, నవ్వా?

"రేపొచ్చి మళ్లీ రాయండి" అంది, అటు తిరిగే.

ఇంట్లో అక్కకి చెప్పాను.

"నాలుగక్షరాలు వారం రోజులు ఎవరు నేర్పిస్తార్రా?" అంది అక్క.

"నాకు రావట్లేదనుకుందేమో!"

"రావట్లేదనుకుంటే ఇంకో పెయింటర్ని పిలిచేది కదరా, మొద్దూ! వెళ్లి చెప్పు."

మర్నాడు గోడకి సున్నం కొట్టి, ఆరాక నాలుగక్షరాలూ రాసి, బ్రష్షు కిరసనాయిల్లో ముంచేశాను. ఆమె వచ్చి చూసింది. ఇప్పుడు చెప్పకపోతే రేపు రావడానికి సాకు లేదు.

"మీరంటే నాకిష్టం. అంటే... గౌరవం కూడా అనుకోండి. మీ క్లాసన్నా ఇష్టమే. మీరు కాదన్నా ఏం ఫర్లేదు, గోడ పెచ్చులూడితే ఫ్రీగా..."

"ఆగండి! మొదటి మాటకే పాము అయిపోయింది."

"అంటే... అవుననా, కాదనా?"

"ఆదివారం నాన్నగారు ఇంట్లోనే ఉంటారు. ఆ ఒక్కమాటే ఆయనకి చెప్పండి."

మెట్లు దిగేదాకా అర్థం కాలేదు. అర్థమయ్యాక మళ్లీ పైకెక్కి, ఏం చెప్పాలో తెలీక దిగొచ్చాను.

ఆదివారం వాళ్ల నాన్నగారు కళ్లద్దాలు తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"మీ అమ్మాయంటే నాకిష్టమండీ. పెళ్లి చేసుకుంటాను."

ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. గోడగడియారం చప్పుడు వినిపిస్తోంది. నా షాపు గురించీ, నా అలవాట్ల గురించీ, చివరికి వాతావరణం గురించైనా చెబుదామని నాలుక దురద పెడుతోంది.

"ఇంకేమైనా చెప్పాలా బాబూ?" అన్నారు.

తలుపు పక్కనుంచి ఆమె చూస్తోంది.

రెండు చేతులూ గట్టిగా కట్టుకున్నాను.

"లేదండీ" అన్నాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, లోపలికి తిరిగి కేకేశారు.

"అమ్మాయ్, ఇతనికీ ఓ కప్పు టీ తీసుకురా!"