పొయ్యి మీద మఫ్లర్

"అమ్మమ్మా! మళ్ళీ నా మఫ్లర్‌ని పొయ్యి మీదే ఆరేశావా?"

పొద్దున్న పదిన్నరకు, రేవుకి వెళ్లే ముందు, బడి నుంచి పరుగెత్తుకొచ్చిన మా మనవరాలు ఓస్లా గుమ్మంలోనే నిలబడి ముక్కు మూసుకుంది. పదేళ్ల పిల్ల. ముక్కు మూసుకున్నా నోరు మూసుకోదు. ఆ విషయంలో అచ్చం నా పోలికే.

"మరెక్కడ ఆరెయ్యను తల్లీ? తెల్లవారుజాము వాన చూశావుగా, అడ్డంగా కురిసింది," అన్నాను.

"మాగ్నీ నన్నేమంటున్నాడో తెలుసా? పొగమాంసం అంటున్నాడు! పొగమాంసం వచ్చింది, పొగమాంసం కూర్చుంది, పొగమాంసం లెక్క తప్పు చేసింది!"

నాకు నవ్వు ఆగలేదు. దీవి మీది మా లెర్విక్ ఊళ్లో గొర్రెమాంసాన్ని ఉప్పులో ఊరేసి, పొయ్యి పైన దూలానికి వేలాడదీసి పొగలో ఎండబెడతాం. చలికాలంలో దాంతోనే సూప్.

"ఆ పొగమాంసం సూప్ పోయిన జనవరిలో మన ఇంట్లో మూడు గిన్నెలు తాగాడు కదే ఆ మాగ్నీ! అప్పుడు గుర్తు రాలేదా వెక్కిరింత?"

ఓస్లా నవ్వలేదు. దాని బాధ దానిది. ఊళ్లో ఇప్పుడు ఇళ్లన్నీ గొట్టాల్లో వచ్చే వేడినీళ్లతోనే వెచ్చబడతాయి. మా ఇంట్లో మాత్రం పీట్ పొయ్యి. వేసవి మొదట్లో కొండ మీద చిత్తడి నేలను ఇటుకల్లా కోసి, ఎండబెట్టి ఇంటికి తెచ్చుకుంటాం. ఆ నల్లమట్టి గడ్డలే పీట్. మంట తక్కువ, వెచ్చదనం ఎక్కువ. కానీ ఆ పొగ ఉన్నికి ఒకసారి పట్టిందా, ఇక వదలదు.

నేను అల్లిన ఆ నీలం మఫ్లర్‌ని ఓస్లా తాడు మీదే వదిలేసింది. కొట్లో కొన్న జాకెట్ వేసుకుంది. జేబులోంచి ఒక కాగితం తీసి నాకు చూపించింది.

"పన్నెండు చోట్లు, అమ్మమ్మా! మాగ్నీ పోయినసారి తొమ్మిదే చూపించాడు. ఇవాళ నాదే మొదటి స్థానం."

ఓడ వచ్చిన రోజున మా ఊరి బడిలో అయిదో తరగతి పిల్లలు పసుపు టోపీలు పెట్టుకుని రేవుకి వెళతారు. దిగినవాళ్లకు ఊరు చూపిస్తారు. ఎవరు ఎక్కువ చోట్లు చూపిస్తే వాళ్లదే గెలుపు. వాళ్ల లీస్క్ టీచర్ రేవులోనే నిలబడి ఉంటుంది. మా ఊళ్లో పిల్లలు తప్పిపోదామన్నా తప్పిపోలేరు. ప్రతి గుమ్మంలోనూ ఒక అత్తో పిన్నో ఉంటుంది.

ఆ తర్వాత జరిగింది ఓస్లా చెప్పిందే. కొంత మాగ్నీ చెప్పాడు. మిగతాది ఆ అత్తలూ పిన్నులూ చెప్పారు.

పెద్ద ఓడ లోతు నీళ్లలోనే ఆగింది. చిన్న పడవల్లో జనం ఒడ్డుకు వచ్చారు. ఓస్లా వంతుకు వచ్చినావిడ పేరు ఎఫీ. ఎనభై ఏళ్లుంటాయి. ఎర్ర కోటు, చేతికర్ర.

"న్యూజీలాండ్ నుంచి వస్తున్నాను తల్లీ," అందావిడ.

"అమ్మో! భూమికి అటు చివర!"

"అవును. మా అమ్మ మాత్రం ఇక్కడే పుట్టింది. పన్నెండేళ్లకు ఓడెక్కింది, మళ్ళీ రాలేదు." ఆవిడ చుట్టూ చూసింది. గాలి గట్టిగా పీల్చింది. "నాకు ఒక్కటి చెప్పు. ఈ ఊళ్లో ఇప్పటికీ పీట్ కాల్చే ఇల్లు ఏదైనా ఉందా?"

ఓస్లా నోటిదాకా వచ్చింది, మా ఇల్లే అని. కానీ పక్కనే మాగ్నీ ఉన్నాడు. చెవులు ఇటే పెట్టాడు. పెదవుల మీద అప్పుడే వెక్కిరింపు నవ్వు.

"లేదండీ," అంది ఓస్లా. "ఇప్పుడెవరూ కాల్చరు. అదంతా పాతకాలం."

"అలాగా," అందావిడ.

"పదండి! మనకు పన్నెండు చోట్లున్నాయి. ఆఖరి పడవ మూడున్నరకు."

ఇక చూడండి, ఓస్లా నడక! ముందు కోట, దాని ఫిరంగులు. తర్వాత సముద్రంలో కాళ్లు పెట్టుకుని నిలబడ్డ పాత రాతి ఇళ్లు. తర్వాత చేపల కొట్టు వెనక నీళ్లలోంచి తల పైకెత్తి చూసే సీల్ జంతువులు. ఎఫీ గారు ప్రతిదాన్నీ మెచ్చుకుంది. ఉన్ని కొట్లో రంగుల గళ్ల స్వెట్టర్‌ని చేత్తో తడిమి, "ఇంత సన్నటి పని చేసే వేళ్లకు దండం పెట్టాలి," అంది. వీధిలో ఇద్దరాడవాళ్లు మాట్లాడుకుంటుంటే ఆగిపోయి విన్నది. "అచ్చం మా అమ్మ మాట!" అని మురిసిపోయింది.

"ఇంకా ఎనిమిది చోట్లున్నాయండీ," అని ఓస్లా ఆవిడ కోటు అంచు లాగింది.

"ఎంత బాగా చూపిస్తున్నావమ్మా! నీలాంటి పిల్ల దొరకడం నా అదృష్టం."

ఆ మెచ్చుకోలు ఓస్లాకు చెప్పులో రాయిలా గుచ్చుకుంది.

మ్యూజియంలో పాతకాలపు ఇంటి నమూనా ఒకటి నిలువెత్తున కట్టి ఉంది. గది, మంచం, పొయ్యి, పక్కన పేర్చిన పీట్ గడ్డలు. ఎఫీ గారు కర్ర మీద వాలి, పొయ్యి దగ్గరకు వంగింది. కళ్లు మూసుకుని గాలి పీల్చింది.

ఏ వాసనా లేదు. పొయ్యి చల్లగా ఉంది. మంట ఉండాల్సిన చోట ఎర్ర బల్బు వెలుగుతోంది.

"పోనీలే," అనుకుంటూ ఆవిడ మెల్లగా లేచింది.

రెండు గంటలకు ఎనిమిది చోట్లు పూర్తయ్యాయి. ఎఫీ గారికి ఆయాసం వచ్చింది. రేవు పక్క బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. తొమ్మిదోది దీపస్తంభం. ఓస్లా కాగితం చేతిలో పట్టుకుని కాళ్లు ఊపుతోంది.

"మా అమ్మ చివరి రోజుల్లో నన్ను గుర్తుపట్టేది కాదు," అంది ఎఫీ గారు, సముద్రం వైపు చూస్తూ. "కిటికీ తియ్యమనేది. పీట్ పొగ వాసన వస్తోందా అని అడిగేది. వస్తోందమ్మా అనేదాన్ని. అబద్ధం! అసలు ఆ వాసన ఎలా ఉంటుందో నాకే తెలియదు. ఒక్కసారి తెలుసుకుందామని వచ్చాను. మళ్ళీ ఇంత దూరం రాలేను. సరేలే, నేనే ఆలస్యం చేశాను."

ఓస్లా కాళ్లు ఊపడం ఆపేసింది.

మాగ్నీ ఎదురుగానే తన అతిథితో ఐస్‌క్రీమ్ తింటున్నాడు. ఓస్లా వాడి వైపు ఒకసారి చూసింది. మళ్ళీ ఎఫీ గారి వైపు చూసింది.

"ఎఫీ గారూ, నేను అబద్ధం చెప్పాను." ఈసారి గట్టిగానే అంది, మాగ్నీకి వినపడేలా. "మా ఇంట్లో పీటే కాలుస్తాం. రోజూ. ఇప్పుడు కూడా కాలుతూనే ఉంటుంది. నాకు సిగ్గేసి చెప్పలేదు."

ఎఫీ గారు తిట్టలేదు. ఎందుకలా చేశావని అడగలేదు. కర్ర అందుకుని లేచి నిలబడింది.

"ఎంత దూరం?"

"ఆ సందులో పైకి. తొంభై మెట్లు."

"పద!"

యాభై మెట్లెక్కేసరికి గాలి తిరిగింది. మా ఇంటి పొగ సందులోంచి కిందికి దిగి వాళ్లకు ఎదురెళ్లింది. ఎఫీ గారు మెట్టు మీదే ఆగిపోయింది.

"ఇదేనా?" అని గుసగుసగా అడిగింది.

"ఇదే," అంది ఓస్లా.

నేను అప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని, నడుముకి సూది ఆనించుకునే అల్లిక బెల్టు కట్టుకుని, సూదులాడిస్తున్నాను. తలుపు తెరిస్తే ఎర్ర కోటావిడ, వెనక ముఖమంతా కందిపోయిన మా పిల్ల. ఎవరు, ఏమిటి అని అడగలేదు. మా వాళ్లకు గడపలో మనిషి కనబడితే ముందు కెటిల్ మీద చెయ్యి పడుతుంది. మాట తర్వాత.

ఎఫీ గారు నా కుర్చీలో కూర్చుంది. పొయ్యి వైపు చేతులు చాచింది. కళ్లు మూసుకుంది. ఉన్నట్టుండి ఆవిడ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"ఇది నాకు తెలుసు! నాకెప్పుడో తెలుసు! చిన్నప్పుడు మా అమ్మ ట్రంకు పెట్టె తెరిచి పాత శాలువా తీస్తే వచ్చేది ఇదే. పాత బట్టల వాసన అనుకునేదాన్ని. అది ఇల్లు అమ్మా, ఇల్లు!"

నేను రొట్టె కాల్చి, వెన్న రాసి పెట్టాను. ఓస్లా తనే ఒక పీట్ గడ్డ తీసి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ దాన్ని పసిపిల్లను పడుకోబెట్టినట్టు పొయ్యిలో పెట్టింది. మేం ముగ్గురం దాదాపు అరగంట సేపు ఏ చోటికీ వెళ్లలేదు. అక్కడే కూర్చున్నాం. అలా కూర్చోవడం ఎంత బావుందో!

"ఒక చిన్న ముక్క పట్టుకెళ్లండి," అన్నాను.

"కుదరదమ్మా. మా దేశంలో చెప్పుకంటిన మట్టిని కూడా దిగనివ్వరు," అని నిట్టూర్చింది.

ఓస్లా తల పైకెత్తింది. తాడు మీద నీలం మఫ్లర్ వేలాడుతోంది. స్టూలెక్కి దాన్ని కిందికి లాగింది. ముక్కుకి ఆనించుకుని ఒకసారి వాసన చూసింది. చుట్టగా చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూత గట్టిగా నొక్కింది.

"మట్టి కాదుగా, ఉన్నే! రోజూ తెరవకండేం. వాసన అయిపోతుంది. మీ అమ్మ గుర్తొచ్చినప్పుడే తెరవండి."

ఎఫీ గారు ఆ డబ్బాను కోటు లోపల దాచుకుంది. ఓస్లా భుజం పట్టుకుని మెట్లు దిగింది. ఆఖరి పడవ తాడు విప్పుతుండగా ఎక్కింది. ఓడ కొండ మలుపు తిరిగేదాకా మా పిల్ల రేవులో చెయ్యి ఊపుతూనే ఉంది.

"ఎన్ని?" అన్నాడు మాగ్నీ పక్కకొచ్చి.

"ఎనిమిది. ఇంకా మా ఇల్లు."

"నావి పది!" అన్నాడు వాడు. "ఆవిడ ఎందుకంతలా ఏడుస్తూ నవ్వుతూ వెళ్లింది?" అనడిగాడు.

"సూప్ తాగడానికి వచ్చినప్పుడు చెబుతాలే."

రెండు వారాలకు ఇంకో ఓడ వస్తోందని తెలిసింది. అది వచ్చే ముందురోజు సాయంత్రం ఓస్లా కోసం మళ్ళీ అల్లిన నీలం మఫ్లర్‌ని ఉతికాను. పిల్లకు ఇబ్బందెందుకని దూరంగా, కిటికీ పక్క మేకుకి తగిలించాను.

ఓస్లా బల్ల దగ్గర కాగితం ముందేసుకుని కూర్చుంది. చాలాసేపు పెన్సిల్ కొరికి, చివరికి ఒక్క వరుస రాసింది. నాకు చదువు అంతంతమాత్రం. కూడబలుక్కుని చదివాను. "మీకేం చూడాలనుంది?" అని ఉంది. కిందంతా ఖాళీ.

తర్వాత అది లేచి కిటికీ దగ్గరికెళ్లింది. మఫ్లర్ తీసింది. స్టూలెక్కి, పొయ్యి పైన తాడుకి, పొగ బాగా తగిలే చోట వేలాడదీసింది.

"అమ్మమ్మా, ఇంకో రెండు గడ్డలు వెయ్యి," అంది.