నాన్న బిగించిన స్క్రూ

పొద్దున్నే తన ఇంటి వంటగదిలో కూర్చుని కార్ల మెకానిక్ ఒకాయన ట్యాప్ బిగిస్తున్నాడు. ఆ ట్యాప్‌కి ఏ రోగమూ లేదు. అంతకుముందు కుర్చీ కాళ్ళు బిగించాడు, అల్మారా గడియ బిగించాడు, స్నానాలగది తలుపు బందులకి నూనె వేశాడు. మనసు బాగోలేనప్పుడల్లా ఆయన చేతిలోకి స్పానర్ వస్తుంది. పెళ్ళైన కొత్తలో ఆయన భార్య దీన్ని పనిమంతుడి లక్షణమనుకుని మురిసిపోయింది. అసలు సంగతి తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు.

“ఇంక ఈ ఇంట్లో మిగిలింది నేనే. నాకూ ఎక్కడైనా వదులైందేమో చూసి బిగించండి,” అంది ఆవిడ, పిల్లల లెక్కల పేపర్లు దిద్దుకుంటూ. ఆవిడ బళ్ళో లెక్కల టీచరు.

“అది లేచిందా?”

“లేచింది. వచ్చాక అది చెప్పేది వినండి. మధ్యలో దూరకండి.”

అది అంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, ఇంట్లో పిలుపు పిడుగు. ఏడేళ్ళప్పుడు గోదాముల వెనక ఉన్న చిన్న ట్రాక్ మీద మొదటిసారి కార్ట్ అనే బుల్లి రేసు బండి ఎక్కింది. పిల్ల మరీ తేలిక, పోటీకి కావలసిన బరువు తూగలేదు. నాన్న సీటుకి సీసం బిళ్ళలు బిగించి పంపాడు. ఆ రోజు మొదలు ఆయన చెయ్యి పడని బండిని పిడుగు తోలలేదు. షెడ్డులో అందరి కార్లూ బాగుచేసి, శనాదివారాలు కూతురి కార్ట్ విప్పి బిగించేవాడు. కార్ట్ పోయి చిన్న రేసు కారు వచ్చింది, అది పోయి పెద్దది వచ్చింది. ఈ ఏడు అన్నిటికన్నా పైమెట్టు మీదున్న పోటీలో ఒక పెద్ద టీమ్ ఆమెకి సీటిచ్చింది. అక్కడ చక్రానికో మనిషి, కంప్యూటర్‌కో మనిషి. నాన్నకి మాత్రం మెడలో వేసుకునే పాసు ఇచ్చి, గ్యారేజీలో ఓ మూల కుర్చీ వేశారు.

గొడవంతా ఆ కుర్చీతోనే వచ్చింది. కిందటి రేసుకి ముందురోజు, ఎవరు ఏ వరసలో బయలుదేరాలో తేల్చే పరుగులో పిడుగు అందరూ నోరెళ్ళబెట్టేలా మూడో స్థానం కొట్టింది. అక్కడ నియమం ఒకటుంది. స్థానాలు తేలాక బండికి ముసుగు కప్పి సీలు వేస్తారు, మర్నాడు రేసు దాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఎడమ అద్దం కాస్త ఊగుతోందని పిడుగు ఇంజనీరుతో అనడం నాన్న చెవిన పడింది. పొద్దున్నే అధికారుల అనుమతి తీసుకుని బిగిద్దామని ఇంజనీరు అన్నాడు. ఆ మాట మాత్రం నాన్న చెవికెక్కలేదు. టీమ్ మెకానిక్కులు టీ తాగడానికి వెళ్ళగానే సీలు తెంచి, అద్దం స్క్రూ అరచుట్టు తిప్పి, ముసుగు మళ్ళీ బుద్ధిగా కప్పి వచ్చి కూర్చున్నాడు. పైన కెమెరా ఉందన్న ఊహే ఆయనకి లేదు.

మూడో స్థానంలో నిలబడాల్సిన పిల్ల, ఆ తప్పుకి అధికారులు వేసిన శిక్షతో, బళ్ళన్నీ వెళ్ళిపోయాక గ్యారేజీ దారిలోంచి అందరికన్నా వెనక బయలుదేరింది. ఎంత తోలినా పదహారో స్థానం దాటలేదు. ఆ తర్వాత నాన్నతో పెదవి విప్పలేదు. నిన్న సాయంత్రం ఇంటికొచ్చి, తిని పడుకుంది.

పిడుగు తల తుడుచుకుంటూ వచ్చి ఆయనకి ఎదురుగా కూర్చుంది.

“నాన్నా, వచ్చే రేసుకి నువ్వు రావద్దు.”

ఆయన ట్యాప్ వదిలేశాడు. “టీమ్ వాళ్ళు అన్నారా?”

“ఇంకోసారి ఇలా జరిగితే సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం అన్నారు. నువ్వు రావద్దని మాత్రం వాళ్ళు అనలేదు. నేనే అంటున్నా.”

“అద్దం ఊడితే? అంత వేగంలో ఊడి నీ మొహాన కొడితే? వాళ్ళకేమమ్మా, ఇంకో డ్రైవర్ని తెచ్చుకుంటారు. నేనెక్కడ తెచ్చుకోను?”

“ఊడదు నాన్నా. వాళ్ళకీ పని వచ్చు.”

“పనొచ్చిన వాళ్ళని చాలామందిని చూశాలే.”

“అదే నేను చెప్పేది!” పిడుగు గొంతు లేచింది. “నువ్వక్కడ కూర్చుని మొహం చిట్లిస్తావు. నేను గ్యారేజీలోకి వచ్చిన ప్రతిసారీ నీ మొహం వెతుక్కుంటా. నువ్వు కళ్ళు చికిలిస్తే చాలు, ఇంజన్లో ఏదో తేడా వచ్చిందనుకుని, బయటికెళ్ళాక యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తా. ఆ ఆలస్యం కంప్యూటర్‌లో కనిపిస్తోంది, ఎందుకని అడుగుతున్నారు. మా నాన్న మొహం చూసి అని ఎలా చెప్పను?”

మెకానిక్‌కి తల తీసేసినట్టయింది. సరేనని ఊరుకుంటే పోయేది. కానీ నోరు జారాడు.

“నేనే లేకపోతే నువ్వసలు ఆ సీట్లో ఉండేదానివా?”

దిద్దుతున్న పెన్ను ఆగిపోయింది. “ఏమండీ!” అంది భార్య.

పిడుగు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. “ఉండేదాన్ని కాదు నాన్నా. అందుకే రావద్దని ఇన్నాళ్ళూ అనలేకపోయా,” అని లోపలికెళ్ళి బ్యాగు సర్దుకుంది. మధ్యాహ్నానికల్లా వెళ్ళిపోయింది. గుమ్మం దాకా వచ్చిన నాన్న, వీధి తలుపు గడియ స్క్రూ బిగిస్తూ అక్కడే నిలబడ్డాడు.

తర్వాతి రేసు రోజున ఆయన షెడ్డుకి బయలుదేరబోతే భార్య తాళాలు లాక్కుంది.

“కూర్చోండి. ఎన్నేళ్ళనుంచో నేనొక్కదాన్నే చూస్తున్నా. ఇవాళ తోడుండండి.”

ఆవిడ టీవీ పెట్టి, సౌండ్ తీసేసింది. వ్యాఖ్యాతలు కేకలు పెడితే ఆవిడకి గుండె దడ. అందుకే ఎప్పుడూ మూగగానే చూస్తుంది. ఆయనకి మాత్రం ఒళ్ళు మండింది.

“ఇంజన్ వినపడకపోతే ఏం తెలుస్తుందే?”

“కళ్ళున్నాయిగా?”

ఇంతకాలం ఆయన రేసంటే విన్నదే ఎక్కువ. చెవులు ఇంజన్ మీద, చూపు చక్రాల మీద. బండి తిరిగొచ్చేసరికి ఏ బోల్టు వదులైందో ముందే కనిపెట్టేవాడు. ఇప్పుడు చేసేదేమీ లేక తెర వైపు చూశాడు.

తెర మీద కూతురి తలపక్క కెమెరాలోంచి రెండు చేతులు కనిపించాయి. ముందున్న బండిని పిడుగు చాలాసేపు వదలకుండా వెంటాడింది. ప్రతి చుట్టూ అదే మలుపులో ఎడమవైపు దూరబోయినట్టు చేసి వెనక్కి తగ్గింది.

“బెదిరిపోతోంది,” అన్నాడాయన.

“బెదరడం కాదు. వాడికి అలవాటు చేస్తోంది. చూడండి.”

మళ్ళీ ఆ మలుపొచ్చింది. ముందున్నవాడు ఎడమ దారి మూసేశాడు. పిడుగు చేతులు చిన్నగా కదిలాయంతే, బండి కుడివైపు నుంచి దూసుకుపోయింది. మెకానిక్ లేచి నిలబడిపోయాడు.

“ఇది నేను నేర్పింది కాదే!”

“కాదు. అది దానిదే,” అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.

అదే ఎత్తు ఇంకొకడి మీద వేరేలా వేసింది. చివరికి ఐదో స్థానంలో గీత దాటింది. ఆయన మాత్రం ఆ లెక్క గమనించనే లేదు. ఏడేళ్ళప్పటి నుంచి పక్కనే ఉండి, పిల్ల తోలడం ఒక్కసారీ చూడలేదన్న సంగతి ఆయనకి అప్పుడు తట్టింది. సోఫాలో కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు.

కాసేపటికి ఫోన్ మోగింది. భార్య తీసి ఆయన చెవి దగ్గర పెట్టింది.

“నాన్నా, చూశావా?” పిడుగు గొంతు జంకుగా వచ్చింది. “బండి ఎలా ఉంది?”

“నాకు తెలీదమ్మా.”

“తెలీదా?”

“బండిని చూళ్ళేదు. నిన్నే చూశా. ఎంత బాగా తోలావే తల్లీ!”



“మళ్ళీ అను నాన్నా,” అంది పిడుగు.