మేతపిలుపు

పరికరం మీది హక్కుదీపం ఎర్రగా వెలగగానే సుచరిత చేయి వెనక్కి తీసుకుంది. పట్టుపురుగు రక్తపుబొట్టును వేడిచేసే ఆ పద్ధతి కూడా ఎవరి సొత్తో అయిపోయింది. నిన్నటిదాకా అదే దీపం పచ్చగా ఉండేది. ఆమె నిట్టూర్చి బొట్టును కిటికీలో, ఎండలో పెట్టింది. ఎండకింకా యజమాని రాలేదు.

మడకశిర పరిశోధన కేంద్రంలో వారం పనికి ఏళ్లు పట్టేది ఇందుకే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడి పూజారులు వేలమంది, అందరూ సముద్రాల అవతల. అయినా ఇవాళ ఆమె తిప్పతీగ మందుతో, పాలరోగం సోకిన పురుగులు మళ్లీ ఆకు కొరికాయి. వాటిని చూసి సుచరితకు ఏడుపొచ్చింది.

అంతలో గోడమీది నిఘా యంత్రం వీక్షణి పలికింది. "ఫలితం నమోదైంది. సాయంత్రం నుంచి ఈ మందు నా యజమానుల సొత్తు."

పక్క బల్ల దగ్గర పెద్దాయన తిప్పేస్వామి కళ్లద్దాలు తీశారు. "ఇంగ మనోళ్లు కొనాల్సిందే."

"ఈలోపే పదిమందికి చెప్పి విన్నామనిపించుకుంటే, అది ఎవరి సొత్తూ కాదు సార్. చట్టంలో ఆ సందుంది. కానీ మన పరికరాలన్నీ ఆపేస్తారు. మీ పురుగు..."

ఉద్యోగమంతా ధారపోసి ఆయన పెంచిన కొత్త జాతి అది. ఒక్క పరీక్ష మిగిలింది. తట్టలో పురుగులు పొర విడిచే నిద్రలో, నాలుగో జ్వరంలో, తలలెత్తి కదలకుండా ఉన్నాయి. తిప్పేస్వామి వాటిని చూశారు.

"ఊర్లో పురుగులు సచ్చిపోతా వుంటే నా జాతి ఎవురికమ్మా? మేతపిలుపు టైమయింది." మైకు ఆయనే ఆమె వైపు జరిపారు.

రోజూ ఆ వేళకు కేంద్రం మేత సంగతులు చెబుతుంది. ప్రతి పురుగులింటి నుంచీ "విన్నాం" అని జవాబు రావాలి. అది అక్కడి ఆనవాయితీ.

సుచరిత మైకులో చెప్పింది. "తిప్పతీగను కాచొద్దు, కాస్తే గుణం పోతుంది. రాత్రంతా నానేసి, ఆ నీళ్లు ఆకుమీద చల్లి, ఆరినాక మేత వేయండి. నాలుగో జ్వరానికి ముందే."

"విన్నాం." ఒక ఇల్లు. "విన్నామమ్మా." ఇంకో ఇల్లు. జవాబులు వస్తుండగానే పరికరాల దీపాలు ఆరిపోసాగాయి. తిప్పేస్వామి బల్ల మీదిదీ ఆరింది. ఆయన అటు చూడలేదు.

చివరగా ఒక ముసలి గొంతు అడిగింది. "ఇంగోసారి సెప్పు తల్లీ. కాంచాల్నా, కాంచగూడదా?"

ఈసారి తిప్పేస్వామే మైకు దగ్గరికి వంగారు.

"కాంచగూడదమ్మా. నానెయ్యల్ల."