కనీషాయ్ చూసినవి

చనిపోయిన మనిషి చేత నలభై రోజుల్లో పన్నెండు వేల సార్లు సంతకం పెట్టించాను. జరిగిన తప్పు అదే. పెట్టించింది నేనే.

బిష్కెక్‌లో మూతబడ్డ కుట్టుపని ఫ్యాక్టరీ మూడో అంతస్తులో మా ఆఫీసు. ఓమ్స్క్‌లోనో అల్మాటీలోనో ఉన్న ఏజెన్సీలు ప్రకటనల పని ఒప్పుకుంటాయి. చేసేది మేము. తయారైన సరుకు మీద వాళ్ళ పేరు వేసుకుంటారు. మా పేరు ఎక్కడా కనపడకూడదని ఒప్పందం. ఒకప్పుడు పదకొండుమందిమి. రాసే పని సాఫ్ట్‌వేర్‌కి అప్పగించాక ముగ్గురం మిగిలాం. నేను, ప్రోగ్రాములు చూసే ఎర్మెక్, చదివే కనీషాయ్.

ఒప్పందంలో ఇంకో షరతు కూడా ఉంది. యంత్రం రాసిన ప్రతిదాన్నీ పంపేముందు ఒక మనిషి చదవాలి. చదివి, 'చూశాను' అని తన పేరు పెట్టాలి. ఆ మనిషి కనీషాయ్. ఇరవై ఏళ్ళు బడిలో రష్యన్ పాఠాలు చెప్పి వచ్చింది. చదువుతున్నంతసేపూ బుగ్గన ఒక కురుత్ ఉండ పెట్టుకునేది, ఎండబెట్టిన ఉప్పు పెరుగు, రాయిలా ఉంటుంది. అది పళ్ళకి తగిలి టక్... టక్... అంటుండేది. తప్పు కనబడితే చప్పుడు ఆగిపోయేది. ఒకే మాట రాసి వెనక్కి కొట్టేది. "ఇది ఎవరు చదివారు?"

డిసెంబరు మొదట్లో నా బల్ల దగ్గరికి వచ్చింది.

"రోజుకి మూడు వందలు నా వల్ల కాదు ఉల్పత్. ఇంకో మనిషిని పెట్టు."

"కొత్త సంవత్సరం రానీ అక్కా."

"కొత్త సంవత్సరం వచ్చేసరికి నా కళ్ళు పాతబడిపోతాయి," అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం కూడా చదవమని ఆమె ఇంటికి మూడు వందల ప్రకటనలు పంపాను. ఊరి చివర ఇల్లు, బొగ్గు పొయ్యి. వేడి బయటికి పోకుండా పొగగొట్టం మూత తొందరగా వేసేసి చదువుతూ కూర్చుంది. కణికలు ఆరకముందే మూత వేస్తే గదిలో నిండే విషవాయువుకి వాసన ఉండదు. మర్నాడు పొద్దున చెల్లెలు బాత్మా తలుపు తోసి చూసేసరికి స్క్రీను ఇంకా వెలుగుతోందట. రెండు వందల అరవై చదివింది.

ఆ వారమే ఎవరినో ఒకరిని పెట్టాల్సింది. పెట్టలేదు. ఎర్మెక్‌ని పిలిచాను.

"ఆమె ఖాతా తీసెయ్యకు. యంత్రమే ఆమె పేరు మీద 'చూశాను' అని నొక్కేలా చెయ్యి."

"అక్కా, సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు."

"కొన్నాళ్ళే."

"చేస్తాను. పాపం మాత్రం మీది," అన్నాడు నవ్వుతూ. ఆ రోజు మాత్రం నాతో కూర్చుని టీ తాగలేదు.

ఆమె పోయిన నలభయ్యో రోజు, పోయినవాళ్ళ పేరున పిండి ముక్కలు నూనెలో వేయించి పంచే రోజు, పొద్దున్నే బాత్మా ఫోన్ చేసింది. "బోర్సోక్‌లు వేయిస్తున్నాం. అక్కకి నూనె వాసన చేరాలి కదా. వస్తావా?"

"పని ఉంది బాత్మా. సాయంత్రం చూస్తాను."

"మా అక్క కూడా ఇదే మాట అనేది," అని పెట్టేసింది.

మధ్యాహ్నం మూడైంది. బొగ్గు పొగా మంచూ కలిసి కిటికీకి బూడిదరంగు దుప్పటి కప్పినట్టుంది, ఎదుటి మేడ కనపడటం లేదు. ఇంతలో కరెంటు పోయింది. బ్యాటరీ మీద మా రెండు స్క్రీన్లూ మాత్రం వెలుగుతున్నాయి.

"అక్కా, ఒకటి వెనక్కొచ్చింది," అన్నాడు ఎర్మెక్.

"ఎవరి దగ్గర్నుంచి?"

"కనీషాయ్ అక్క ఖాతా నుంచి."

"యంత్రానికి వెనక్కి కొట్టడం కూడా నేర్పావా?"

"లేదు. 'చూశాను' ఒక్కటే నేర్పాను."

లేచి వెళ్ళి చూశాను. 'ఇది ఎవరు చదివారు?' అని ఉంది.

"ఎవడో దొంగ దూరాడు. ఖాతా మూసెయ్."

మూశాడు. రెండు నిమిషాలు గడిచాయి. మళ్ళీ అదే ప్రకటన, అదే మాట.

నలభై రోజుల్లో మొదటిసారి, మేము పంపేదాన్ని నేను చదివాను. ఓమ్స్క్ ఏజెన్సీ ద్వారా ఒక పొయ్యిల కొట్టుకి రాసింది. 'బొగ్గు ఆదా చేయండి. కణికలు ఎర్రగా ఉండగానే పొగగొట్టం మూత వేసేయండి. తెల్లవార్లూ వెచ్చగా నిద్రపోండి.'

మూత అన్న మాట దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివాను.

టక్.

"మీరేమైనా నములుతున్నారా?" ఎర్మెక్ గొంతు తగ్గించి అడిగాడు.

"లేదు."

"నేనూ లేదు..."

టక్... టక్... గోడవారన కనీషాయ్ కూర్చునే కుర్చీ, ఖాళీ. దాని మీద నా కోటు వేసి ఉంది. చప్పుడు అక్కణ్ణించే. తొందరేమీ లేదు. వరస వెంబడి వరస చదువుతున్నట్టు...

ఆగిపోయింది.

"ఎర్మెక్," అన్నాను మెల్లగా. "ఇలాంటివి ఇంతకుముందు వెళ్ళాయా?"

వెతికాడు. వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"ముప్పై ఒకటి. అన్నీ... కనీషాయ్ అక్క చూసినట్టే ఉంది."

మేం చూస్తుండగానే మారాయి. పైనుంచి కిందికి, ఒక్కొక్కటే. 'చూశాను' పోయి 'ఇది ఎవరు చదివారు?' వచ్చింది. ముప్పై సార్లు అదే. ముప్పై ఒకటో దాని కింద మాట వేరు.

'నా పేరు తియ్యి ఉల్పత్.'

ఆఫీసులో నన్ను పేరు పెట్టి పిలిచింది ఆమె ఒక్కతే.

ఓమ్స్క్‌కి ఫోన్ చేశాను. "ఆ పొయ్యిల ప్రకటనలు ఇప్పుడే ఆపండి. మనుషులు చస్తారు."

"మీ వైపు నుంచి ఎవరో చదివి పేరు పెట్టారుగా?" అంది అవతలావిడ.

"ఆవిడ పోయి ఇవాళ్టికి నలభై రోజులు. ఎవరూ చదవలేదు. పంపింది నేను."

సాయంత్రానికి తీయించేశారు. అప్పటికి నెల పైగా జనం ముందున్నాయి. ఎంతమంది చదివారో, ఎంతమంది అలా చేశారో తెలీదు. ఆ ఊళ్ళ వార్తలు ఇప్పటికీ వెతకలేదు. అది పిరికితనం. వేరే పేరు పెట్టను.

యంత్రం ఇంకా రాస్తూనే ఉంది. రోజుకి నలభై, అంతకు మించి ఒప్పుకోను. ప్రతి ఒక్కటీ నేనే చదివి నా పేరు పెడతాను. కనీషాయ్ ఖాతాని ఎర్మెక్ వేళ్ళతో సహా పెరికేశాడు. ఖాళీ చోటు నాకు చూపించాడు కూడా. అయినా ప్రతి దాని కిందా 'చదివినవారు ఇద్దరు' అని వస్తుంది. ఒక్కోసారి నేను పూర్తిచేసిన కాసేపటికి వస్తుంది. ఒక్కోసారి నాకంటే ముందే.

కొన్నిటికి మాత్రం 'చదివినవారు ఒకరు' అనే ఉండిపోతుంది. ఎన్నిసార్లు తిరగేసినా నాకు తప్పు కనపడదు. ఏజెన్సీ వాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తారు. ఇంకా చదవడం అవ్వలేదని చెబుతాను.

అలాంటివి పంపకూడదనుకున్నాను. అయిదేళ్ళయింది. ఒక్కటీ పంపలేదు.