జైతూన్‌బీ మేడ మీద ఎండ

పొద్దున్నే మిషన్ ఆడించి తీసిన పచ్చి సేమియాను కర్రల మీద వేసుకుని జైతూన్‌బీ మెట్లెక్కింది. కోట ఊళ్లో చెల్లెలింట్లో నాలుగు రోజులుండి రాత్రే ముత్తుకూరు చేరింది. పైకొచ్చి చూస్తే మేడ మేడలా లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సోలార్ పలకలే. సేమియా కర్రలు ఆనించే గుంజలు పీకి మూలన పడేసి ఉన్నాయి.

"ఒరేయ్ అక్రమ్! పైకి రారా!"

కొడుకు పరుగున వచ్చాడు. వెనకే ఫోన్ పట్టుకుని, పలకలు బిగించిన గిరిబాబు.

"సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నానమ్మా. ఇంక కరెంటు బిల్లు దిగులుండదు."

"నా సేమియా యాడ ఆరేసేది? నీ నెత్తి మీదా?"

గిరిబాబు నవ్వాపుకున్నాడు. "అమ్మా, అట్టా పలకల పక్కన నిలబడండి. ఓనర్ ఫోటో ఎక్కిస్తేనే సబ్సిడీ వచ్చేది."

"ఓనరా? ఎవురు, నేనా?"

"మీటరు మీ పేరు మీదే గదా. అప్లికేషనూ మీదే."

గ్యాస్ కోసమని కొడుకు ఆమె ఫోన్లో ఓటీపీ చూసుకున్నది అప్పుడు గుర్తొచ్చింది. ఒళ్లు మండిపోయింది.

"అబద్ధమాడి ఓటీపీ తీసుకున్నావు. మేడ గురించి మాటమాత్రం అడగలేదే! మీ నాయన పోయినాక సేమియా అమ్మే గదరా ఈ మేడ ఏసింది? నేను నిలబడను. పో!"

అక్రమ్‌కీ కోపం తన్నుకొచ్చింది. "మూడు కిలోవాట్లు పెడితేనే డెబ్బై ఎనిమిది వేలిస్తారు. బ్యాటరీకి సబ్సిడీనే లేదు, నా చేతి నుంచి పెట్టుకున్నా. ఎవురి కోసం? కరెంటు పోయి మిషన్ ఆగినప్పుడల్లా పిండి పాడైందని ఏడ్చేది నువ్వు గాదా?"

"మిషన్ ఆడితే చాలా? ఎండంతా నీ పలకలు తాగితే నా సేమియా దేనికి ఆరేది?"

అక్రమ్ పోర్టు డ్యూటీకి చీకటితో వెళ్లి చీకట్లో వచ్చేవాడు. రాత్రి పూట మిషన్ చప్పుడే విన్నాడు గాని, పగలు మేడ మీద తల్లి పనిని చూసి ఎన్నేళ్లయిందో.

ఆమె చేతుల్లోంచి కర్రలు అందుకున్నాడు. "గిరన్నా, తూర్పు పక్క పలకలు రెండూ విప్పెయ్."

"సబ్సిడీ పద్దెనిమిది వేలు తగ్గిపోతాది."

"తగ్గనీ. తప్పు నాది."

పలకలు దిగాయి. అక్రమ్ గుంజలు నాటి, సేమియా కర్రలు ఎండకి పెట్టాడు. జైతూన్‌బీ కొంగుతో కళ్లు తుడుచుకుని ఫోటోకి నిలబడింది. అతను పక్కకి తప్పుకోబోతే చెయ్యి పట్టి లాగింది.

"నాకింకా కోపం పోలేదు. అయినా ఈడ్నే ఉండు."

"ఓనర్ ఒక్కరే ఉండాలమ్మా," అన్నాడు గిరిబాబు.

"ఓనర్నే చెప్తా ఉండా. తియ్యి!"